పువ్వు ఒకటి చెప్తోంది, కార్డు ఇంకోటి చెప్తోంది. దేన్ని పట్టుకోవాలి?

సుధా_మందారం
కొత్త ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని చాలా రోజులుగా నలుగుతున్నాను. శుక్రవారంలోపు జవాబు చెప్పాలి. నిన్న నా టీమ్‌లోని స్నేహితురాలు ఇంటికొచ్చి పసుపు గులాబీల గుత్తి ఇచ్చింది. పసుపు గులాబీకి అర్థం ఏంటా అని రాత్రి వెతికితే ఒక చోట స్నేహం అని ఉంది, ఇంకో చోట అసూయ, ప్రేమ తగ్గిపోవడం అని ఉంది. మనసు అక్కడే చిక్కుకుంది. పొద్దున రోజూలాగే టారో, అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్టలోంచి ఒక కార్డు తీశాను. డెత్ వచ్చింది! మళ్లీ కలిపి తీస్తే సన్ వచ్చింది, గోడ మీద పొద్దుతిరుగుడు పువ్వులతో. ఇంకోసారి తీస్తే నైన్ ఆఫ్ స్వోర్డ్స్, తొమ్మిది కత్తుల కార్డు.
మూడూ మూడు దారులు. పైగా ఆ గులాబీలు. పువ్వుల అర్థాలూ కార్డుల అర్థాలూ కలవనప్పుడు మీరు దేన్ని నమ్ముతారు? నాకు ఈ రెండూ నిజంగా ఇష్టం. వెక్కిరించడానికైతే దయచేసి రాయకండి.

వెన్నెలపిల్లి
మొదటి కార్డే లెక్క. తర్వాత తీసినవి మన కంగారు తీసినవి. డెత్ అంటే చావు కాదు, ఒకటి ముగిసి ఇంకోటి మొదలవడం. ఉద్యోగం మారే ప్రశ్నకి ఇంతకంటే సూటిగా ఏం వస్తుంది? చేరిపోండి.

సూటిమాట
@వెన్నెలపిల్లి ఒక్క కార్డు చూసి చేరిపోండి అనేస్తే ఎలా అండీ? పని ఏంటి, వేళలేంటి, ఇప్పుడున్న చోట ఇబ్బంది ఏంటి, ఒక్కటీ అడగలేదు మీరు.

వెన్నెలపిల్లి
ఆవిడ అడిగింది కార్డు గురించి. నేను చెప్పిందీ కార్డు గురించే.

పాతపుస్తకం
ముందు గులాబీల సంగతి తేలుద్దాం, ఎందుకంటే సుధ గారి టెన్షన్‌లో సగం అక్కడే ఉంది.
పువ్వు పువ్వుకీ ఒక అర్థం రాసిపెట్టిన జాబితాలు అనాదిగా వస్తున్నవి కావు. 1819లో పారిస్‌లో షార్లట్ ద లాతూర్ అనే కలం పేరుతో పువ్వుల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. అది బాగా ఆడింది. దాన్ని చూసి యూరప్ అంతటా ఎవరికి వాళ్లు జాబితాలు రాసుకున్నారు, ఒకరు రాసింది ఇంకొకరు మార్చుకున్నారు. ఇంగ్లీషులో ఎక్కువమందికి తెలిసింది 1884లో కేట్ గ్రీనవే బొమ్మలు వేసిన పుస్తకం. సుధ గారు చదివిన అసూయ, ప్రేమ తగ్గడం ఆ కాలపు జాబితాల నుంచి వచ్చినవే. అదే పుస్తకంలో లావెండర్ అంటే అపనమ్మకం. హైడ్రేంజియా అంటే గొప్పలు చెప్పుకునేవాడు, మనసు లేనివాడు. బంతిపువ్వు అంటే దుఃఖం.
ఇప్పుడు చెప్పండి, లావెండర్ సబ్బు ఇచ్చినవాళ్లందరూ మనల్ని నమ్మడం లేదా? పసుపు గులాబీ స్నేహానికి గుర్తు అన్నది తర్వాత వచ్చి స్థిరపడిన అర్థం. ఇవాళ పువ్వులు కొనేవాళ్లు ఎక్కువగా ఆ ఉద్దేశంతోనే కొంటారు. ఇచ్చిన మనిషి ఏ జాబితా చదివిందో తెలియకుండా జాబితాతో ఆమె మనసు చదవలేం.

చిన్నిరెక్క
బంతిపువ్వు దుఃఖమా!! నాకు అది చూస్తేనే మొహం వెలుగుతుంది. ఆ పుస్తకంతో నాకు కుదరదు.

పాతపుస్తకం
@చిన్నిరెక్క ఇంకోటి వినండి. అందులో పొట్టి పొద్దుతిరుగుడు అంటే ఆరాధన, పొడుగుది అంటే అహంకారం. సుధ గారి సన్ కార్డులో అదే పువ్వు ఆనందానికి గుర్తు. పువ్వుల జాబితా ఒక చోట, ఒక కాలంలో పుట్టింది. టారో బొమ్మలు ఇంకో చోట, ఇంకో ఆలోచనలోంచి వచ్చాయి. ఆ రెండూ ఒకే మాట చెప్పాలని పట్టుబడితే తలనొప్పే మిగులుతుంది.

చిన్నిరెక్క
అయితే ఇవ్వబోయే ముందు టేపు పెట్టి కొలుచుకోవాలన్నమాట, ఆరాధనో అహంకారమో తేలాలిగా.

నీలికలువ
సుధా, డెత్ కార్డు మళ్లీ చేతిలోకి తీసుకుని చూడు. నువ్వు వాడేది రైడర్-వెయిట్ డెక్ (కార్డుల కట్ట) అనుకుంటున్నా, పొద్దుతిరుగుళ్లు గోడ మీద ఉన్నాయన్నావు కాబట్టి. 1909లో లండన్‌లో వచ్చింది అది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్‌మన్ స్మిత్ వేసింది. 78 కార్డులూ ఆమె చేతి పనే. ఆ ఏడాది ఒక ఉత్తరంలో ఆమె, చాలా పెద్ద పని, చాలా తక్కువ డబ్బు అని రాసుకుంది. నాకు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బొమ్మల్ని ఇంకాస్త శ్రద్ధగా చూడాలనిపిస్తుంది.
డెత్‌లో అస్థిపంజరం చేతిలో నల్ల జెండా ఉంది కదా, దాని మీద ఏముంది? అయిదు రేకుల తెల్ల గులాబీ. అది జీవానికి గుర్తు అని వెయిట్ తనే రాశాడు. ఇప్పుడు ఫూల్ కార్డు తీసి పక్కన పెట్టు. అంకె సున్నా, ఎక్కడికో బయల్దేరిన కుర్రాడు. అతని చేతిలోనూ తెల్ల గులాబీయే. బయల్దేరేవాడి చేతిలో ఉన్న పువ్వే ముగింపు జెండా మీద కూడా ఉంది. దిగంతంలో రెండు గోపురాల మధ్య సూర్యుడు కూడా కనిపిస్తాడు.
ఇంకో సంగతి. నీ రెండో కార్డు సన్‌లో పాప ఎక్కింది తెల్ల గుర్రం. డెత్ ఎక్కిందీ తెల్ల గుర్రమే. నువ్వు మూడు దారులు అన్నావు గానీ నాకైతే మొదటి రెండూ అంత దూరంగా కనిపించడం లేదు.

సుధా_మందారం
గుర్రం సంగతి ఎప్పుడూ గమనించలేదు!! కార్డులు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నా. మరి నైన్ ఆఫ్ స్వోర్డ్స్?

లెక్కలబడి
వెక్కిరించను, మాట ఇస్తున్నా. కానీ ఒక లెక్క చెప్పాలి. చాలామంది "ఈ కార్డే మళ్లీ మళ్లీ వస్తోంది, ఏదో చెప్తోంది" అని భయపడతారు. 78 కార్డుల్లోంచి రోజుకొకటి తీసి మళ్లీ కలిపేస్తుంటే, 11 రోజులయ్యేసరికి ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం సగం దాటుతుంది, సుమారు 52 శాతం. నెల రోజులు తీస్తే డెత్ కనీసం ఒకసారి కనపడే అవకాశం మూడింట ఒక వంతుకి దగ్గర. అంటే రోజూ కార్డు తీసేవాళ్లందరికీ అది వస్తూనే ఉంటుంది. ఉద్యోగం మారేవాళ్లకీ వస్తుంది, మారని వాళ్లకీ వస్తుంది.

వెన్నెలపిల్లి
లెక్క ఒప్పుకుంటా. కానీ ఈ ప్రశ్న అడిగిన ఈ పొద్దునే ఎందుకు వచ్చింది అన్నదానికి మీ దగ్గర జవాబు లేదు. నాకు ఉంది. చాలా ఏళ్లుగా తీస్తున్నాను, సమయానికి వచ్చే కార్డులు నన్ను చాలాసార్లు నిలబెట్టాయి.

లెక్కలబడి
నిలబెట్టాయి అంటే నమ్ముతాను, మీ అనుభవం మీది. సమయానికి వచ్చాయి అన్న దగ్గరే నేను ఆగుతాను. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన క్లాసులోని 39 మందికి ఒక్కొక్కరికీ "ఇది ప్రత్యేకంగా నీ మనస్తత్వ విశ్లేషణ" అని కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో చాలా వాక్యాలు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. "పైకి ధైర్యంగా ఉంటావు, లోపల దిగులు పడతావు" లాంటి మాట ఎవరికి సరిపోదు చెప్పండి? కార్డు చదివేటప్పుడు కూడా మనం ఇలాగే సరిపోయే ముక్క ఏరుకుంటాం.

నీలికలువ
@లెక్కలబడి ఏరుకుంటాం, నిజమే. నేను కార్డు తీసేదే ఏ ముక్క ఏరుకుంటానో చూసుకోవడానికి. డెత్ రాగానే సుధకి మొదట ఏం గుర్తొచ్చిందో అది కార్డులో లేదు, సుధలో ఉంది. అది బయటికి వస్తే చాలు నాకు.

సూటిమాట
ఈ మాట బాగుంది. ఏం గుర్తొచ్చింది సుధ గారూ?

తోటలోనే_ఉంటా
టారో నాకు అంతగా తెలియదు, పువ్వులు తెలుసు. జాబితాలకంటే మొక్కని చూస్తే ఎక్కువ అర్థమవుతుందని నా నమ్మకం. పొద్దుతిరుగుడు రోజంతా సూర్యుడి వెంట తిరుగుతుందని అందరూ అంటారు. లేతగా, ఎదుగుతున్నప్పుడు మాత్రమే తిరుగుతుంది. పూర్తిగా విచ్చుకున్నాక తూర్పు వైపు మొహం పెట్టి ఆగిపోతుంది. పొద్దుటి ఎండకి పువ్వు త్వరగా వేడెక్కుతుంది, తేనెటీగలు ఎక్కువగా వస్తాయి. నాకు ఇందులో చాలా ఉంది. ఎదిగే వయసులో ప్రతి వెలుగుకీ తిరగొచ్చు. ఒక దశ వచ్చాక ఎటు చూడాలో నిర్ణయించుకుని నిలబడాలి. మీరు ఏ దశలో ఉన్నారో మీకే తెలుసు సుధ గారూ.

నీలికలువ
@తోటలోనే_ఉంటా అబ్బ, సన్ కార్డు చదివేటప్పుడు ఇది వాడుకుంటా. ఐరిస్ పువ్వు గురించి కూడా చెప్పండి. టెంపరెన్స్ కార్డులో నీటి ఒడ్డున పసుపు ఐరిస్‌లు ఉంటాయి. గ్రీకు కథల్లో ఐరిస్ ఇంద్రధనుస్సు దేవత, దేవతల దూత కూడా. పాతపుస్తకం గారి 1884 జాబితాలోనూ ఐరిస్ అంటే సందేశమే అనుకుంటా?

పాతపుస్తకం
అవును, సందేశమే. ఇక్కడ మాత్రం రెండూ కలిశాయి, ఎందుకంటే రెండూ ఆ గ్రీకు కథ దగ్గరే మొదలయ్యాయి.

తోటలోనే_ఉంటా
ఐరిస్ దుంపలు కొన్నేళ్లకి ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపు కట్టేస్తాయి. ఆకు బాగానే ఉంటుంది, పూత మాత్రం తగ్గిపోతుంది. తవ్వి విడదీసి కాస్త ఎడంగా నాటితే మళ్లీ పూస్తుంది. టెంపరెన్స్ అంటే సమతూకం అంటారు కదా, ఏది ఎక్కడ ఇరుక్కుపోయిందో చూసి విడదీయడం కూడా అందులో భాగమే అనుకుంటాను.

అర్ధరాత్రి_దీపం
నైన్ ఆఫ్ స్వోర్డ్స్ గురించి ఎవరూ చెప్పలేదు. నాకు నిద్ర పట్టని కాలం ఒకటి నడిచింది. ఇంట్లో ఒకరి ఆరోగ్యం, ఆఫీసులో గొడవ, రెండూ కలిసి. అప్పుడు ఆ కార్డు చూస్తే భయం వేసేది. మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. ఒక రాత్రి కార్డు కింది సగం చూశాను. ఆమె కప్పుకున్న దుప్పటి గళ్లలో ఎర్ర గులాబీలు ఉన్నాయి. ఒక గడిలో గులాబీ, పక్క గడిలో రాశుల గుర్తులు. ఆ మొత్తం కార్డులో ఆమెని తాకుతున్న వస్తువులు మంచం, దుప్పటి మాత్రమే. కత్తులు ఒక్కటీ ఆమె ఒంటికి తగలడం లేదు, గోడ మీద వేలాడుతున్నాయి.
అది చూశాక ఒక అలవాటు చేసుకున్నా. భయం పట్టిన రాత్రి, ఇప్పుడు నన్ను నిజంగా తాకుతున్నదేంటి, గోడ మీద ఉన్నదేంటి అని రెండు వరసలుగా రాసుకుంటా. రెండో వరస ఎప్పుడూ పొడుగే. మొదటి వరసలో ఉన్నవాటికి మాత్రం పొద్దున లేచి ఏదో ఒకటి చేయగలను. సుధ గారూ, మీకు ఆ కార్డు మూడోసారి కంగారులో వచ్చిందని తీసిపారేయకండి. కంగారు గురించిన కార్డే అది.

సుధా_మందారం
@అర్ధరాత్రి_దీపం ఇది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. రాత్రి మీరు చెప్పినట్టే రెండు వరసలు రాస్తా.

కిటికీపక్కన
ఒక మాట జాగ్రత్త కోసం. మా అక్క పెళ్లి సంబంధం తప్పిపోయిన రోజుల్లో కార్డులు చూసి చెప్పే ఒక రీడర్ దగ్గరికి వెళ్లింది. మొదటిసారి బాగానే మాట్లాడారు. రెండోసారికి, నీ చుట్టూ చెడు శక్తి ఉంది, ఫలానా పువ్వులతో ప్రత్యేకంగా ఏదో చేయాలి, దానికి వేరే డబ్బు అన్నారు. మూడోసారి ఇంకొంచెం. ఎవరికీ చెప్పొద్దు, చెప్తే ఫలితం పోతుంది అని కూడా అన్నారు. ఆ చెప్పొద్దు అన్న మాట దగ్గరే మా అమ్మకి అనుమానం వచ్చింది, అక్క బయటపడింది. ఎవరికీ చెప్పొద్దన్నా, భయం చూపించి డబ్బు పెంచుతున్నా, మళ్లీ త్వరగా రమ్మంటున్నా లేచి వచ్చేయండి.

వెన్నెలపిల్లి
దీంతో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. నేను ఇతరులకి కార్డులు చూస్తాను కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా. మంచి రీడర్ మీ దగ్గర ప్రశ్నలు మిగిల్చి పంపుతారు, భయం మిగిల్చి కాదు.

సూటిమాట
జబ్బులు, కోర్టు వ్యవహారాలు, అప్పులు, ఈ మూడింటికీ కార్డు తీయకండి అని కూడా చేర్చండి. డాక్టరు అపాయింట్‌మెంటు వాయిదా వేయడానికి కార్డు కారణం అయితే ఆ రోజు డెక్ బీరువాలో పెట్టేయాలి.

వెన్నెలపిల్లి
జబ్బు ఏంటో కార్డు చెప్పదు, ఒప్పుకుంటా. కానీ రిపోర్టు కోసం ఎదురుచూసే రోజు ధైర్యం కోసం తీసుకుంటే తప్పేముంది? స్ట్రెంగ్త్ కార్డులో ఆ అమ్మాయి పూలదండతో సింహం దగ్గర నిలబడి ఉంటుంది, ఆయుధం ఉండదు. నాకు ఆస్పత్రి వరండాలో ఆ బొమ్మ చాలా సాయం చేసింది.

సూటిమాట
దానికి అభ్యంతరం లేదు. అపాయింట్‌మెంటుకి వెళ్లండి, కార్డు బ్యాగులో పెట్టుకుని వెళ్లండి.

సుధా_మందారం
నిన్న రాత్రి రాశాను. డెత్ రాగానే నాకు మొదట గుర్తొచ్చింది ఉద్యోగం కాదు, నాతో రోజూ భోజనానికి కూర్చునే ముగ్గురు మనుషులు. అది పోతుందేమో అన్న దిగులు. నైన్ ఆఫ్ స్వోర్డ్స్ దగ్గర బయటికి వచ్చింది వేరే సంగతి. కొత్త చోట షిఫ్టులు ఎలా ఉంటాయో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు, అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని నేనూ అడగలేదు. గోడ మీది కత్తుల వరసలో అదే పెద్దది. పొద్దున మెయిల్ పెట్టాను, షిఫ్టుల వివరాలు రాతపూర్వకంగా ఇవ్వమని. జవాబు వచ్చాకే నిర్ణయం.
గులాబీల గురించి స్నేహితురాలినే అడిగేశాను. ఎర్రవి వాడిపోయి ఉన్నాయట, పసుపువి తాజాగా కనిపించి తీసుకుందట. అసూయ సంగతి చెప్తే గంటసేపు నవ్వింది.

చిన్నిరెక్క
1884 జాబితాలో "ఎర్రవి వాడిపోయి ఉన్నాయి" అన్న అర్థం ఎక్కడా లేదా పాతపుస్తకం గారూ?

పాతపుస్తకం
లేదు, చేర్చాల్సిందే. సుధ గారు చేసింది అన్నిటికంటే సరైన పని, అడిగేయడం.

కొత్తగా_చేరా
పక్కదారి ప్రశ్నే. నాకు కూడా మొదలుపెట్టాలని ఉంది కానీ 78 అర్థాలు బట్టీ పట్టడం అంటే భయం. పువ్వుల నుంచి మొదలుపెట్టొచ్చా?

నీలికలువ
@కొత్తగా_చేరా నేను అలాగే మొదలుపెట్టమంటాను. డెక్ మొత్తం పరిచి పువ్వులున్న కార్డులన్నీ ఏరు. మెజీషియన్ పైన ఎర్ర గులాబీలు, కింద గులాబీలతో పాటు తెల్ల లిల్లీలు. హైరోఫాంట్ (మతగురువు) ముందు మోకరిల్లిన ఇద్దరిలో ఒకరి బట్టల మీద గులాబీలు, ఇంకొకరి మీద లిల్లీలు. టూ ఆఫ్ వాండ్స్ (రెండు కర్రల కార్డు) గోడ మీద గులాబీలూ లిల్లీలూ అడ్డంగా దాటుతూ ఉంటాయి. కోరిక, స్వచ్ఛమైన ఆలోచన, ఈ రెండిటి జంట అలా డెక్ అంతా తిరుగుతూ ఉంటుంది. క్వీన్ ఆఫ్ వాండ్స్ చేతిలో పొద్దుతిరుగుడు, కాళ్ల దగ్గర నల్లపిల్లి. సిక్స్ ఆఫ్ కప్స్‌లో కప్పుల నిండా తెల్లపూలు, ఒక పిల్లవాడు చిన్నపాపకి అందిస్తుంటాడు. ఏస్ ఆఫ్ కప్స్‌లో నీళ్ల మీద కలువలు. ఇలా చూస్తూ పోతే సగం డెక్ నీకు తెలియకుండానే పరిచయం అవుతుంది. అర్థాలు తర్వాత చదువుకో.

వెన్నెలపిల్లి
నల్లపిల్లి ఉన్న రాణి కార్డు నాది, ఎవరూ తీసుకోవద్దు.

పాతపుస్తకం
పాత ఫ్రెంచి టారో, మార్సే డెక్ దొరికితే అది కూడా చూడండి. అందులో అంకెల కార్డుల మీద మనుషుల కథలు ఉండవు, కత్తులూ కప్పులూ, వాటి మధ్య అల్లుకున్న తీగలూ పువ్వులూ మాత్రమే. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. జోస్యానికి వాడటం గురించి పుస్తకాలు రావడం 18వ శతాబ్దం చివర్లో మొదలైంది. ఈజిప్టు గుళ్ల రహస్యం అని ఎవరైనా అంటే, ఆ కథ 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఊహించి రాసింది. దానికి ఆధారం దొరకలేదు.

కొత్తగా_చేరా
ధన్యవాదాలు! ఇంకొక్కటే. మా ఆయన మనసులో ఏముందో కార్డు తీసి చూడొచ్చా? ఈమధ్య సరిగ్గా మాట్లాడటం లేదు.

సూటిమాట
వద్దండీ. ఆయన ఎదురుగా ఉన్నాడుగా.

వెన్నెలపిల్లి
ఎదుటివాళ్ల మనసు గురించి నేను కూడా తీయను. ఎవరైనా అడిగితే ప్రశ్న మార్చమంటా. ఆయన ఏమనుకుంటున్నాడు అని కాకుండా, ఆయనతో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి అని అడగండి. అప్పుడు ఏ కార్డు వచ్చినా మీరు చేయగలిగింది ఏదో ఒకటి అందులో దొరుకుతుంది.

లెక్కలబడి
ఏ కార్డు వచ్చినా అన్నారు చూశారా, నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

వెన్నెలపిల్లి
అది నా వాక్యం, మీ లెక్కలో కలుపుకోకండి.

కొత్తగా_చేరా
ప్రశ్న మార్చి తీశా. సిక్స్ ఆఫ్ కప్స్ వచ్చింది. పువ్వులు అందించే పిల్లవాడు. ఏ పువ్వు కొనాలి?

తోటలోనే_ఉంటా
ఆయనకి ఏది ఇష్టమో అది.